యాదృచ్ఛిక పరిసరములలో నడక: తేలని కొన్ని ప్రశ్నలు

గత విద్యాసంవత్సరమున సంభావ్యతా పాఠము చెప్పుచు మేమొక పొరపాటు చేసితిమి. ఈ వ్యాసము ఆ పొరపాటునుండి పుట్టినది. నల్లబల్లపై ఒక సరళరేఖను గీచి, దానిపై సమాన దూరములలో చుక్కలు పెట్టి, ఒక బాటసారి నాణెము ఎగురవేసి బొమ్మ పడినచో ముందునకు, బొరుసు పడినచో వెనుకకు ఒక్కొక్క అడుగు వేయునని చెప్పుచుంటిమి. వెనుక వరుసలోని విద్యార్థి యొకడు లేచి, "సార్, నాణెము బాటసారి జేబులో గాక దారిలోనే ఉన్నచో ఏమగును? ఒక్కొక్క చుక్క కడ ఒక్కొక్క నాణెము పెట్టియుండి, మూడింట రెండు వంతుల చుక్కలు ముందునకు త్రోయునవి, మిగిలినవి వెనుకకు త్రోయునవి అయినచో అతడు ఎంత దూరము పోవును?" అని అడిగెను. మేము క్షణమైనను ఆలోచింపక సగటు కట్టి ఉత్తరము వ్రాసితిమి. అది తప్పు. ఎంత తప్పో ఆ రాత్రి పుస్తకములు తిరుగవేసిన పిదప గాని తెలియలేదు. మరునాడు తరగతిలో తప్పు ఒప్పుకొంటిమి గాని, వివరించుటకు ఆరంభించునంతలో గంట మ్రోగినది. ఆ బాకీని ఇచట తీర్చుచున్నాము.

మా ఉర్దూ మాధ్యమపు విద్యార్థులు 'ఇహ్తిమాల్' అనునదియు, తెలుగు మాధ్యమపు వారు 'సంభావ్యత' అనునదియు ఒక్కటియే. పేరు ఏదైనను లెక్క మారదు గనుక ఇరువురును ఈ వ్యాసమును ఒకే విధముగా చదువవచ్చును.

మొదట పాత కథ. 1905లో ఇంగ్లండునకు చెందిన కార్ల్ పియర్సన్ 'నేచర్' పత్రికకు ఒక చిన్న లేఖ వ్రాసి, దిక్కు తెలియక నడచు మనుష్యుడు కొన్ని అడుగుల తరువాత ఎచట ఉండునని ప్రశ్నించెను. ఆ ప్రశ్నతోనే 'యాదృచ్ఛిక నడక' అను పేరు స్థిరపడినది. లార్డ్ రేలీ వెంటనే సమాధానము పంపెను. నిష్పక్షపాతమైన నాణెముతో నడచువాడు n అడుగులు వేసినచో, బయలుదేరిన చోటునుండి సుమారుగా n యొక్క వర్గమూలమంత దూరమున ఉండును. అనగా పది లక్షల అడుగులకు వేయి చుక్కల క్రమములో. ఆ దూరమును వర్గమూలముచే భాగించి, అనేక పర్యాయములు ప్రయోగము చేసి పటము గీచినచో గంట ఆకారపు వక్రరేఖ వచ్చును. ఇదియే కేంద్రీయ అవధి సిద్ధాంతము. నాణెము ఒక ప్రక్కకు మొగ్గినదైనచో బృహత్సంఖ్యా న్యాయము ప్రకారము నిశ్చిత వేగముతో ఆ ప్రక్కకే పోవును. 1921లో జార్జ్ పోల్యా మరియొక విశేషమును చూపెను. సరళరేఖపైనను, వీధులు అడ్డముగను నిలువుగను కోసికొను పట్టణమువంటి సమతలముపైనను నడచువాడు ఎప్పటికైనను ఇల్లు చేరును. త్రిమితీయ ప్రదేశమున మాత్రము తిరిగి వచ్చు అవకాశము సుమారు 0.34 మాత్రమే. ఇవన్నియు డిగ్రీ స్థాయి పుస్తకములలో కలవు. వీనిని త్వరగా దాటి పోవుచున్నాము.

మన విద్యార్థి అడిగినది వేరు. ఇచట రెండు యాదృచ్ఛికతలు కలవు. మొదట ఎవరో చుక్కలన్నిటి కడ నాణెములను చీటీలు తీసి పంచిపెట్టి వెళ్లిపోయిరి. ఇది పరిసరము. ఒకసారి పంచిన పిమ్మట ఇక మారదు. తరువాత బాటసారి బయలుదేరి, తాను నిలిచిన చుక్క కడనున్న నాణెమును ఎగురవేయుచు నడచును. ఒకే చుక్కకు నూరు పర్యాయములు వచ్చినచో నూరు పర్యాయములును అదే నాణెమును చూడవలెను. చిక్కంతయు ఇందులోనే కలదు. ప్రతి అడుగునకును క్రొత్త నాణెము తీసినచో మేము వ్రాసిన సగటు సరియే అయియుండెడిది.

ఇది కేవలము పలకపై ఆట కాదు. 1967లో సోవియట్ శాస్త్రజ్ఞుడు చెర్నోవ్ జీవకణములలోని పొడవైన అణుశృంఖలము తన ప్రతిని తాను నిర్మించుకొను తీరును వివరించుటకు ఇట్టి నడకనే ఊహించెను. 1972లో టెమ్‌కిన్ కూడ ఈ విషయమునే పరిశీలించెను. మలినములు కలిసిన లోహమునందు సంచరించు కణమును గూర్చి ఆలోచించినను ఇదియే ప్రశ్న. మలినము ఎచట ఉన్నదో అచటనే ఉండును. కణము దానికడకే మరల మరల వచ్చును.

ఇక లెక్కకు వత్తము. తెల్ల చుక్కలపై ముందునకు పోవు సంభావ్యత 3/4, వెనుకకు 1/4. నల్ల చుక్కలపై దీనికి సరిగా తలక్రిందులు. చుక్కలలో మూడింట రెండు వంతులు తెల్లవి. సగటున ముందునకు పోవు సంభావ్యత 7/12, కావున ప్రతి అడుగునకును సగటు లాభము 1/6. పది లక్షల అడుగులు వేసినచో బాటసారి సుమారు 1,66,000 చుక్కలు దాటునని మేము వ్రాసితిమి. నిజమునకు అతడు చేరునది ఆరు వేల క్రమములో మాత్రమే!

కారణమును 1975లో ఫ్రెడ్ సాలమన్ చూపెను. ప్రతి చుక్క కడ వెనుకకు పోవు సంభావ్యతను ముందునకు పోవు సంభావ్యతచే భాగింపుడు. ఈ నిష్పత్తిని గ్రీకు అక్షరముతో 'రో' అందురు. తెల్ల చుక్కకు రో విలువ 1/3, నల్ల చుక్కకు 3. సాలమన్ చెప్పినది ఇది: రో యొక్క సంవర్గమానపు సగటు ఋణమైనచో బాటసారి తుదకు ముందునకే పోవును, శాశ్వతముగా తిరిగిరాడు. కాని అతనికి నిశ్చిత వేగము ఉండవలెనన్నచో అది చాలదు. రో యొక్క సగటే 1 కంటె తక్కువ కావలెను. మన ఉదాహరణలో తెల్ల చుక్కల భాగము సగముకంటె ఎక్కువైనచో మొదటి నియమము నెరవేరును. రెండవ నియమమునకు మూడు వంతులు దాటవలెను. సగమునకును మూడు వంతులకును నడుమనున్న మేర అంతయు ఒక వింత ప్రదేశము. అచట బాటసారి అనంతమునకు పోవును గాని వేగము సున్న. మూడింట రెండు వంతులు సరిగా ఆ మేరలోనే పడినది. సరిగా మూడు వంతుల కడ సగటు లాభము 1/4 అయినను వేగము సున్నయే. తెల్లవి నూటికి తొంబది అయినపుడు వేగము 1/4 వచ్చును. సగటు లెక్క అప్పుడు కూడ 0.4 అని ఎక్కువగానే చెప్పును.

ఇట్లేల జరుగును? దారిలో పది నల్ల చుక్కలు వరుసగా పడినవనుకొందము. దానిని దాటుట ఎదురీతవంటిది. ఒక్కొక్క నల్ల చుక్కయు పనిని మూడు రెట్లు చేయును. పదింటికి మూడు యొక్క పదవ ఘాతము, అనగా 59,049 క్రమములో ప్రయత్నములు కావలెను. ఇట్టి వరుస అరుదే గాని, పొడవైన దారిలో ఎచటనో ఒకచోట తప్పక ఉండును. నల్లవే గాకపోయినను, నల్లవి ఎక్కువగా కలిసిన దీర్ఘప్రదేశములు ఇంకను అపాయకరములు. బాటసారి కాలమంతయు మామూలు దారిలో గాక ఈ కొద్ది గోతులలోనే గడచిపోవును. సగటు కట్టినపుడు మేము గోతులను దారియంతటను సమముగా పరచి పూడ్చివేసితిమి. దారిలో అవి పూడ్చబడియుండవు.

అదే 1975లో కెస్టెన్, కొజ్లోవ్, స్పిట్జర్ అను మువ్వురు ఈ గోతుల లోతును ఒకే సంఖ్యతో కొలిచిరి. దానిని 'కప్పా' అందురు. రో యొక్క ఏ ఘాతమునకు సగటు సరిగా 1 అగునో ఆ ఘాతమే కప్పా. మన ఉదాహరణలో 3 యొక్క ఎన్నవ ఘాతము తెల్ల-నల్ల చుక్కల నిష్పత్తికి సమానమో అదియే కప్పా అగును. విద్యార్థులు దీనిని స్వయముగా సాధింపవచ్చును, వర్గ సమీకరణము మాత్రమే. తెల్లవి నల్లవాటికి రెట్టింపు అయినచో కప్పా సుమారు 0.63. మూడు రెట్లయినచో 1. తొమ్మిది రెట్లయినచో 2. కప్పా 1 కంటె తక్కువైనచో n అడుగులలో చేరు దూరము n యొక్క కప్పా ఘాతమంత. పది లక్షల యొక్క 0.63వ ఘాతము ఆరు వేలకు కొంచెము పైన. మేము పైన చెప్పిన ఆరు వేలు ఇట్లు వచ్చినవి. కప్పా 1 కును 2 కును నడుమ వేగము కలదు గాని హెచ్చుతగ్గులు గంట ఆకారమును పొందవు. 2 దాటినచో మన పాత గంట వక్రము మరల కనిపించును. సూక్ష్మముగా చూచువారికొక మాట: సంవర్గమానములన్నియు ఒకే సంఖ్య యొక్క గుణిజములైనపుడు, మన నాణెములకు అట్లే అగుచున్నది, ఆ మువ్వురి సిద్ధాంతము యథాతథముగా వర్తింపదు. దూరము యొక్క క్రమము మాత్రము అదియే.

తెల్లవియు నల్లవియు సరిసమానమైనచో ఏమగును? సామాన్యముగా ఎవరైనను వేయి చుక్కల దూరమని చెప్పుదురు. 1982లో యాకోవ్ సినాయ్ దీనికి ఆశ్చర్యకరమైన ఉత్తరము నిచ్చెను. దూరము n యొక్క సంవర్గమానపు వర్గమంత మాత్రమే. పది లక్షలకు సహజ సంవర్గమానము 13.8, దాని వర్గము సుమారు 190. కోటి కోట్ల అడుగులు వేసినను వేయి, పదునొకండు వందల క్రమము దాటదు. అంతేగాక, బాటసారి ఎచట ఉండునో నాణెము నిర్ణయింపదు, గోయి నిర్ణయించును. ఒకే దారిలో ఇరువురు బాటసారులను వేర్వేరుగా వదలినచో, ఎవరి నాణెములు వారు ఎగురవేసినను, చాలాకాలమునకు ఇరువురును దాదాపుగా ఒకే గోతిలో కనిపింతురు. గొలొసోవ్ ఈ దగ్గరితనమును ఇంకను నిశితముగా చూపెను. అవధిలో వచ్చు విభాజనపు రూపమును 1986లో ఆయనయు కెస్టెన్‌యు వేర్వేరుగా కనుగొనిరి. మాకు ఈ శాస్త్రమునందెల్ల మిక్కిలి ఇష్టమైన సిద్ధాంతము ఇదియే.

ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. అన్ని పరిసరములపైనను సగటు తీసి అవధిని అడుగుట ఒకటి. పంచిపెట్టిన ఒక్క పరిసరమునే పట్టుకొని, అందు బాటసారి గతి యేమని అడుగుట మరియొకటి. నిజముగా నడచువానికి రెండవదే ముఖ్యము, వానికి ఉన్నది ఒక్క దారి గనుక. కప్పా 1 కంటె తక్కువైనపుడు సగటు తీసిన ప్రశ్నకు చక్కని అవధి కలదు. స్థిరమైన ఒక్క పరిసరములో మాత్రము ఏ ఒక్క అవధియు లేదని, కాలము గడచుకొలది రూపము మారుచునే యుండునని పీటర్సన్, జైటూనీ 2009లో నిరూపించిరి.

ఈ రంగమునకును మనకును ఒక సన్నని తీగ కలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితశాస్త్రము చదివిన సి.ఆర్. రావు (1920-2023) కలకత్తాలోని భారత గణాంక సంస్థలో ఆచార్యులుగా ఉన్నపుడు, ఆయన పర్యవేక్షణలో మద్రాసునకు చెందిన ఎస్.ఆర్.ఎస్. వరదన్ పరిశోధన పట్టము పొందెను. వరదన్‌గారికి 2007లో ఆబెల్ బహుమానము వచ్చినది. యాదృచ్ఛిక పరిసరములలోని నడక తన సహజ వేగమునుండి బహుదూరము తప్పుటకు గల సంభావ్యతను గూర్చి ఆయన 2003లో ప్రకటించిన వ్యాసము, ఎన్ని మితులకైనను వర్తించునది, ఈ రంగమున ముఖ్యమైనది.

ఇప్పటివరకు చెప్పినదంతయు సరళరేఖపై జరిగినది. రేఖను వదలి సమతలము మీదికి గాని, మూడు మితుల ప్రదేశమునకు గాని పోయినచో కథ ఒక్కసారిగా చీకటి పడును. అచట ప్రతి కూడలి కడను నాలుగు లేక ఆరు దిక్కులకు సంభావ్యతలు చీటీలు తీసి పంచబడినవి. ఏ దిక్కునకైనను కొంత కనీస అవకాశము తప్పక కలదనుకొందము. ఈ నియమము లేకున్నచో రెండు మూడు చుక్కల చిన్న గోయియే బాటసారిని అమితకాలము పట్టియుంచగలదు. నియమమున్నపుడు అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: బాటసారి తుదకు తూర్పునకే పోవుట నిశ్చయమైనచో, అతనికి సున్న గాని వేగము ఉండునా?

రేఖపై ఉండనక్కరలేదని చూచితిమి. సమతలమునను అంతకు మించిన మితులలోను తప్పక ఉండునని నేటి గణితజ్ఞుల నమ్మకము. నమ్మకమే, నిరూపణ కాదు. ఆ నమ్మకమునకు కారణము చక్కనిది. రేఖపై బాటసారిని పట్టుటకు ఇరువైపుల పది పది చుక్కలు కుట్ర పన్నిన చాలును. సమతలమున పది అడుగుల వ్యాసార్ధము గల గోయి ఏర్పడవలెనన్నచో లోపలనున్న మూడు వందలకు పైగా చుక్కలు ఏకమై లోపలికి త్రోయవలెను. అది ఎంతో అరుదు. పైగా చిన్న గోతిని ప్రక్కనుండి చుట్టి పోవచ్చును, రేఖపై ప్రక్క అనునది లేదు. కావున గోతుల వలన వేగము నశింపరాదు. ఈ వాదము మాకు నచ్చినది. కాని వాదము నచ్చుట వేరు, నిరూపణ వేరు. తరగతిలో సగటు లెక్క కూడ మాకు అట్లే నచ్చినది గదా!

ఈ దిశలో ఎక్కువ పని చేసినవాడు అలెన్-సోల్ స్నిట్‌మన్. 1999లో జెర్నర్‌తో కలిసి, ఆపై 2001, 2002 సంవత్సరములలో ఒంటరిగా ఆయన ప్రకటించిన వ్యాసముల సారమిది: బాటసారి ఒక వెడల్పైన పట్టీలో బయలుదేరి, తూర్పు అంచునుండి గాక పడమటి అంచునుండి బయటపడు సంభావ్యత, పట్టీ వెడల్పు పెరిగినకొలది ఘాతీయ వేగముతో తగ్గినచో, వేగము కలదు, కేంద్రీయ అవధి సిద్ధాంతమును వర్తించును. 2014లో బెర్గర్, డ్రెవిట్జ్, రమీరెజ్ అంత త్వరగా తగ్గనక్కరలేదని, వెడల్పు యొక్క ఒక పెద్ద ఘాతముచే భాగించినట్లు తగ్గినను చాలునని చూపిరి. ఇక మిగిలినది చిన్న కాలువవలె కనిపించును. తూర్పునకు పోవుట నిశ్చయమన్నపుడు ఆ సంభావ్యత సున్నకు పోవునని మాత్రము ఎరుగుదుము. ఎంత త్వరగా పోవునో ఎరుగము. 'సున్నకు పోవును' అను మాటకును 'తగినంత త్వరగా సున్నకు పోవును' అను మాటకును నడుమనున్న ఈ కాలువను ఇంతవరకు ఎవరును దాటలేదు.

రెండవ ప్రశ్న వినుటకు ఇంకను సులభము. స్టీవెన్ కాలికో 1981లో దీనిని చర్చించెను. బాటసారి తూర్పు అనంతమునకు పోవు సంభావ్యత సున్న గాని ఒకటి గాని మాత్రమే కావలెనా? లేక మూడింట ఒక వంతు అవకాశముతో తూర్పునకు, మిగిలిన అవకాశముతో పడమటికి శాశ్వతముగా వెడలిపోవు పరిసరము ఉండగలదా? సమతలమున అట్లుండజాలదని జెర్నర్, మెర్కల్ 2001లో నిరూపించిరి. వారి ఉపాయమును మాటలలోనే చెప్పవచ్చును. తూర్పునకు పోవువానిని ఒకని పడమట దూరముగాను, పడమటికి పోవువానిని మరియొకని తూర్పున దూరముగాను నిలిపి ఒకరివైపు ఒకరిని వదలుడు. ఎత్తు సరిగా కుదిరినచో సమతలమున వారి దారులు ఒకచోట కోసికొనక తప్పదు. కోసికొన్న చుక్క కడ ఇరువురును ఒకే పరిసరమును చూచుచున్నారు. ఆ చుక్క తూర్పునకు పంపునదా, పడమటికి పంపునదా? రెండును కాజాలదు. విరోధము వచ్చినది. త్రిమితీయ ప్రదేశమున ఈ ఉపాయము పనికిరాదు. ఒకని దారి వంతెనపైనను రెండవవాని దారి వంతెన క్రిందను పోవును, కలిసికొననే కలిసికొనరు. కావున మూడు మితులనుండి ప్రశ్న ఇంకను తెరచియే ఉన్నది. అయిదు లేక అంతకు మించిన మితులలో సున్న గాని వేగము ఒకటికంటె ఎక్కువ ఉండజాలదని మాత్రము బెర్గర్ 2008లో చూపెను. చుక్కలపై నాణెములను స్వతంత్రముగా పంచక, దూరపు చుక్కలకును కొంత సంబంధము ఉంచి పంచినచో మూడు మితులలో ఈ సున్న-ఒకటి న్యాయము తప్పగలదని 2006లో బ్రామ్సన్, జైటూనీ, జెర్నర్ ఉదాహరణ కట్టిరి. అది ఆలోచింపదగిన హెచ్చరిక.

మూడవది సమతలమునకు సంబంధించినది. నాలుగు దిక్కులును దాదాపు సమానమే, కొద్దిపాటి అసమత మాత్రమే చీటీలతో పంచబడినది, ఏ దిక్కునకును మొత్తముమీద పక్షపాతము లేదు. మూడు మితులనుండి పైన ఇట్టి నడక సాధారణ నడకవలెనే వర్గమూలమంత దూరము పోవునని బ్రిక్‌మాన్, కుపియాయినెన్ 1991లో నిరూపించిరి. ప్రతి చుక్క కడను ఎదురెదురు దిక్కులు సరిసమానమైన ప్రత్యేక సందర్భమును 1982లోనే లాలర్ అన్ని మితులలోను సాధించెను. పోల్యా బాటసారి ఇల్లు చేరిన అదే సమతలమున, వీధులలో కొంచెము యాదృచ్ఛికత కలిపినచో అతడు ఇల్లు చేరునో లేదో నిరూపణతో చెప్పగలవారు నేటికిని లేరు. మామూలు నడకకే సమతలము సరిహద్దు భూమి గదా. అచట కొద్దిపాటి కలత కూడ ఎటు లాగునో తెలియదు.

ఇక ప్రయోగమును గూర్చి రెండు మాటలు. మా వ్యాసపు చిత్తుప్రతి చదివిన మువ్వురు విద్యార్థులు, ఒకరు ఉర్దూ మాధ్యమము, ఇరువురు తెలుగు మాధ్యమము, కళాశాల వసారాలో సుద్దతో 60 గడులు గీచి, 40 తెల్ల చీటీలను 20 నల్ల చీటీలను కలిపి పంచిరి. 3/4 సంభావ్యత గల నాణెము అంగడిలో దొరకదు గనుక రెండు మామూలు నాణెములను ఒకేసారి ఎగురవేసిరి. ఒక్క బొమ్మ అయినను పడు సంభావ్యత 3/4. తెల్ల గడిలో బొమ్మ పడినచో ముందునకు, నల్ల గడిలో బొమ్మ పడినచో వెనుకకు. మొదటి గడికంటె వెనుకకు పోవలసి వచ్చినచో అచటనే నిలువవలెనని నియమము. 300 పర్యాయములు ఎగురవేసిరి. మేము తరగతిలో వ్రాసిన సగటు ప్రకారము బాటసారి ఏబదియవ గడి దాపునకు చేరియుండవలెను. ఇరువదియవ గడి దాటిన పిదప నాలుగు నల్ల గడులు వరుసగా పడియుండెను. గంట మ్రోగునప్పటికి వాని గవ్వ ఆ నాలుగింటికి ఇవతలనే ఉన్నది. ఇప్పుడు ఆ మువ్వురును వసారా నేల చాలదని, మైదానమున చదరములు గీచి సమతలముపై ఇదే ఆటను ఆడుటకు అనుమతి కోరుచున్నారు. సుద్దముక్కల ఖర్చు కమిటీవారు భరింతురని ఆశించుచున్నాము.